చలికి డీజిల్ పేరుకుపోతే: విశాఖ బండ్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్‌లో మాది డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే షెడ్డు. నవంబరు వచ్చిందంటే చాలు, ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. స్టీలు లోడుతో జమ్మూ దాటిన డ్రైవరు ఒకరు, శ్రీనగర్ పోస్టింగుకి సొంత కారు తీసుకెళ్తున్న జవాను ఇంకొకరు, పిల్లల్ని తీసుకుని లంబసింగి వెళ్లొచ్చిన వాళ్లు మరొకరు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. డీజిల్ పేరుకున్నాక మన చేతిలో ఉండేది తక్కువ. పేరుకోకముందు చేయగలిగింది చాలా ఉంది. ట్యాంకులో ఉన్నది ఏ ఊరి డీజిలో, ఏ నెలలో కొట్టించిందో ఎప్పుడూ గుర్తుపెట్టుకోండి. కింద చెప్పినవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

డీజిల్ నిజంగా గడ్డకడుతుందా?

నీళ్లు మంచు అయినట్టు ఒక్కసారిగా గట్టిపడదు. డీజిల్‌లో సహజంగానే పారఫిన్ మైనం కరిగి ఉంటుంది. అది కల్తీ కాదు. మంట బాగా అందుకునేది ఆ భాగమే, తీసేస్తే ఇంజిన్‌కే నష్టం. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు, చల్లబడేకొద్దీ ఈ మైనం విడిపడి సన్నటి పలుకులుగా మారుతుంది. ముందు డీజిల్ మబ్బుపట్టినట్టు మసకబారుతుంది. ఇంకొంచెం చల్లబడితే ఆ పలుకులు ఫిల్టర్‌లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. ఇంకా దిగితే డీజిల్ పారడమే మానేస్తుంది.

బండి ఆగిపోయేది చాలాసార్లు రెండో దశలోనే. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, డ్రైవరు మూత తీసి చూసి "బాగానే ఉంది కదా" అంటాడు. ఫిల్టర్ మాత్రం మూసుకుపోయి ఉంటుంది. ఇప్పటి ఇంజిన్ల ఫిల్టర్లు కొన్ని మైక్రాన్ల సైజు నలకని కూడా ఆపేస్తాయి. మన వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నటి జల్లెడ మూసుకోవడానికి మైనం ఎక్కువ అక్కర్లేదు.

విశాఖలో ఎప్పుడైనా ఇలా జరుగుతుందా?

జరగదు. జనవరి తెల్లవారుజామున కూడా మన ఊళ్లో పదిహేను డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. నగరంలో చలికి డీజిల్ పేరుకుందని ఎవరైనా చెప్పి పంపు విప్పబోతే ఆపండి. కారణం వేరే ఉంటుంది.

మరి లంబసింగిలో? పొద్దున్న బండి స్టార్టు కాలేదు.

చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిన సందర్భాలున్నాయి. అయినా అక్కడ డీజిల్ పేరుకుని ఆగిన బండి ఇంతవరకూ మా షెడ్డుకి రాలేదు. అంత చలి తెల్లవారుజామున కొద్ది గంటలే ఉంటుంది. నిండా ఉన్న ట్యాంకు ఆ లోపల పూర్తిగా చల్లబడదు.

అక్కడ స్టార్టు కాని బండ్లలో ఎక్కువగా కనిపించేవి నీరసపడిన బ్యాటరీ, పనిచేయని హీటర్ ప్లగ్గులు (స్టార్టు చేసేముందు ఇంజిన్ లోపల వేడిచేసేవి). కింద నగరంలో ఉన్నంతకాలం హీటర్ ప్లగ్గు పోయినా ఇంజిన్ అందుకుంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కి, రాత్రి టెంటు పక్కన పార్కు చేసి, పొద్దున్న మంచులో సెల్ఫ్ కొడితే అప్పుడు బయటపడుతుంది. డాష్‌బోర్డు మీద చుట్టలా కనిపించే హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. ఒకసారికి అందుకోకపోతే తాళం ఆఫ్ చేసి, మళ్లీ ఆ లైటు ఆరేదాకా ఆగండి.

ఒక్క జాగ్రత్త. బండి ఎప్పుడో వేసవిలో ఫుల్ ట్యాంకు కొట్టించి షెడ్డులో ఉంచిందైతే, పైకి వెళ్లేముందు నర్సీపట్నంలో తాజా డీజిల్ కొట్టించుకోండి. ఎందుకో కింద చెప్తాను.

మా అపార్టుమెంటు జనరేటర్ ట్యాంకులో నిజంగానే జెల్లీ కనిపించింది. అది ఇదేనా?

కాదు. మధురవాడ, ఎండాడ వైపు అపార్టుమెంట్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అందుకే వివరంగా చెప్తాను.

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో రోజుల తరబడి కరెంటు లేక జనం పడ్డ అవస్థ ఎవరూ మర్చిపోలేదు. జనరేటర్ పెట్టి, ట్యాంకు నింపి, "అవసరానికి ఉంటుంది" అని వదిలేసే అసోసియేషన్లు చాలా ఉన్నాయి. ఆలోచన మంచిదే. కానీ మనది సముద్రపు గాలి. ట్యాంకులో ఖాళీగా ఉన్న చోట తేమ గోడలకి పట్టి, నీరై అడుగుకి చేరుతుంది. నీళ్లు కింద, డీజిల్ పైన. ఆ రెండూ కలిసే అంచున బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. వాటికి డీజిలే తిండి. ముప్పై డిగ్రీల వేడి వాటికి బాగా ఇష్టం. కొన్నాళ్లకి అడుగున నల్లటి, గోధుమరంగు జిగురు తెరలు కడతాయి, పుల్లటి కంపు కొడతాయి. మీకు కనిపించిన జెల్లీ అదే.

మైనమా, బూజా తేల్చుకోవడం సులువు. కొంచెం డీజిల్ చిన్న గాజు సీసాలో పట్టి, మూత బిగించి, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. పొయ్యి ఆర్పేసి, వంటింటికి దూరంగా చేయండి. మైనమైతే నిమిషాల్లో కరిగి డీజిల్ తేటపడుతుంది. బూజైతే ఎంత వేడిచేసినా తీగలు తీగలుగా అలాగే ఉంటుంది. బూజు అని తేలితే, చలికి డీజిల్ పేరుకోకుండా పోసే మందులు పోయడం డబ్బు దండగ. అడుగు నీళ్లు పూర్తిగా తీయించాలి, ట్యాంకు కడిగించాలి, డీజిల్‌లో బూజు చంపే మందు కొలతగా వేయాలి, ఫిల్టర్లు మార్చాలి. ఆ తర్వాత వారానికోసారి జనరేటర్‌ని కాసేపు లోడు మీద నడుపుతూ ఉంటే డీజిల్ ఖర్చవుతూ కొత్తది వస్తుంటుంది.

మన బంకులో కొట్టించిన డీజిల్ ఎంత చలిని తట్టుకుంటుంది?

దేశమంతా డీజిల్‌కి ఐఎస్ 1460 ప్రమాణం ఉంది. ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రతని అందులో సీఎఫ్‌పీపీ అంటారు. శీతాకాలపు డీజిల్‌కి అది 6 డిగ్రీలు మించకూడదు, వేసవి డీజిల్‌కి 18 డిగ్రీలు మించకూడదు. శీతాకాలమంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. మిగతా ఎనిమిది నెలలూ లెక్కలో వేసవే.

ఈ అంకెలు పరిమితులు మాత్రమే. బంకులో దొరికే సరుకు చాలావరకు ఇంతకన్నా మెరుగ్గానే ఉంటుంది. కానీ హామీ అంతవరకే ఉందని మర్చిపోవద్దు. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, "శీతాకాలపు డీజిల్" అని పేరున్నా దాని హామీ సున్నాకి పైనే, ఆరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. శ్రీనగర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని చిల్లై కలాన్ అంటారు. అప్పుడు రాత్రులు మైనస్ అయిదుకి దిగడం మామూలే. రెండోది మార్చి. లెక్క ప్రకారం మార్చి ఒకటి నుంచి వేసవి డీజిల్ రావచ్చు, శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలోని జోజిలా కనుమ వైపు మాత్రం చలి ఇంకా గట్టిగానే ఉంటుంది. జనవరిలో జాగ్రత్తపడిన డ్రైవరే మార్చిలో ధీమాగా వెళ్లి ఇరుక్కుంటాడు. నాకు భయం వేసేది మార్చి ట్రిప్పులకే.

రిఫైనరీ మన ఊళ్లోనే ఉంది కదా, చలి డీజిల్ ఇక్కడే కొనుక్కుని వెళ్లలేమా?

మల్కాపురం దగ్గరున్న రిఫైనరీ 1957లో కాల్టెక్స్ కింద మొదలై, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. రిఫైనరీ పక్కన ఉన్నా మన బంకుల్లో అమ్మేది మామూలు డీజిలే. మైనస్‌లకి పనికొచ్చే రకాన్ని మన వాతావరణంలో అడిగేవాళ్లు ఉండరు.

హిమాలయాల కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో ప్రత్యేకంగా శీతాకాలపు రకం డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారైన ఆ డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. లద్దాఖ్, కార్గిల్, కాజా, కేలాంగ్ వంటి చోట్లని దృష్టిలో పెట్టుకుని చేసింది. కాబట్టి కొనాల్సింది పైకి వెళ్లాకే. దాన్ని ట్యాంకులోకి ఎలా ఎక్కిస్తామన్నదే ముఖ్యం.

అయితే విశాఖ నుంచి కాశ్మీర్ వెళ్లే లారీ డీజిల్ ఎక్కడెక్కడ కొట్టించాలి?

ఇక్కడ నింపింది దారిలోనే అయిపోతుంది, అది సమస్య కాదు. అసలు చిక్కు పంజాబ్, జమ్మూ మైదానంలో ఉంది. అక్కడ రేటు చూసుకుని డ్రైవర్లు ఫుల్ ట్యాంకు చేయిస్తారు. నాలుగు వందల లీటర్ల మైదానపు డీజిల్‌తో బనిహాల్ దాటుతారు. మంచు పడి ఖాజీగుండ్ దగ్గర రోడ్డు మూసేస్తే బండి రాత్రంతా ఆగుతుంది. తెల్లారేసరికి ఫోను.

జమ్మూలో ఘాట్ ఎక్కడానికి సరిపడా, దానిమీద కొంచెం అదనంగా మాత్రమే కొట్టించుకోండి. పైన చలికి తగిన డీజిల్ దొరికే బంకు దగ్గరికి వీలైనంత ఖాళీ ట్యాంకుతో చేరి, అక్కడ నింపండి. సగం అదీ సగం ఇదీ కలిపితే బలం కూడా సగం వస్తుందనుకోవద్దు. పాత డీజిల్‌లోని మైనం ఎక్కడికీ పోదు, ముందుగా పేరుకుని ఫిల్టర్‌ని మూసేది అదే.

ఇంకో సంగతి, చాలామంది వదిలేసేది. కొత్త డీజిల్ నింపగానే ఇంజిన్ ఆపి పడుకోవద్దు. ఫిల్టర్‌లో, పైపుల్లో ఇంకా పాత డీజిలే ఉంటుంది. ఓ ఇరవై కిలోమీటర్లు నడిపాక ఆపండి.

మనాలి మీదుగా వెళ్లేవాళ్లకి కేలాంగ్ ముందు టాండీ బంకు చాలా ముఖ్యం. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని అక్కడ బోర్డు ఉండేది. 2020లో అటల్ టన్నెల్ వచ్చాక రోహతాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, అంతే. టన్నెల్ అవతల లాహౌల్ చలి మాత్రం అదే.

చలి మందు సీసాలు పోస్తే సరిపోతుందా?

సరిపోతుంది, పోయాల్సిన టైములో పోస్తే. ఈ మందు మైనాన్ని మాయం చేయదు. పలుకులు పెద్దవి కాకుండా ఆపుతుంది, చిన్నవిగా ఉంటే ఫిల్టర్ దాటిపోతాయి. అంటే డీజిల్ మసకబారే ఉష్ణోగ్రత మారదు, ఫిల్టర్ మూసుకునే ఉష్ణోగ్రత కిందికి జరుగుతుంది. కాబట్టి పలుకులు కట్టకముందే, డీజిల్ గోరువెచ్చగా ఉండగానే కలపాలి. ముందు మందు పోసి, దానిమీద డీజిల్ కొట్టిస్తే బాగా కలుస్తుంది. కొలత సీసా మీద ఉన్నంతే. రెట్టింపు పోస్తే రెట్టింపు రక్షణ రాదు.

పేరుకున్నాక ఈ మందు పనికిరాదు. అప్పటికి వాడేది వేరే రకం, మైనాన్ని కరిగించేది. కొనేటప్పుడు సీసా మీద ఏది రాసుందో చదివి తీసుకోండి.

కిరసనాయిల్ కలిపితే పేరుకోదని పాత డ్రైవర్లు అంటారు. నిజమేనా?

పేరుకోదన్నది నిజమే. కిరసనాయిల్‌లో ఆ మైనం తక్కువ. పాత రోటరీ పంపుల కాలంలో పై ఊళ్లలో అలాగే నడిపారు, ఆ అనుభవాన్ని నేను తీసిపారేయను. కానీ ఆ బండ్లు వేరు, ఇప్పటి బండ్లు వేరు. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకీ డీజిల్ పంచే గొట్టం) పంపు వెయ్యి బార్ దాటిన ఒత్తిడి మీద పనిచేస్తుంది, దానికి కందెన డీజిలే. కిరసనాయిల్‌కి ఆ జిడ్డు లేదు. విప్పి చూస్తే పంపు లోపల ఇనుప పొడి మెరుస్తూ కనిపిస్తుంది. ఆ పొడి రైల్ దాటి నాజిళ్లకి చేరితే మొత్తం మార్చాల్సిందే. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు మించదు. సైలెన్సర్‌లోని క్యాటలిస్టులు ఆ లెక్క మీదే తయారయ్యాయి. కిరసనాయిల్‌లో గంధకం అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. చట్టం సంగతి సరేసరి, డీజిల్‌లో కిరసనాయిల్ కలపడం నిత్యావసర వస్తువుల చట్టం కింద నేరం.

పెట్రోలు కొంచెం కలిపితే?

వద్దు. డీజిల్ ఆవిరికి అగ్గి అంటుకోవాలంటే కనీసం 35 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలు ఆవిరి మైనస్ నలభైలో కూడా అంటుకుంటుంది. ఆ రెండూ కలిసిన ట్యాంకు పక్కన ఎవరో బీడీ ముట్టిస్తే చాలు.

డీజిల్ పేరుకుందని ఎలా గుర్తుపట్టాలి?

బండి మామూలుగా స్టార్టవుతుంది. ఫిల్టర్‌లోనూ పైపులోనూ ఉన్న కాస్త డీజిల్‌తో రెండు మూడు నిమిషాలు నడుస్తుంది. తర్వాత పికప్ పడిపోతుంది, యాక్సిలరేటర్ తొక్కినా లాగదు, మిస్సింగ్ ఇచ్చి ఆగిపోతుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు. సెల్ఫే బరువుగా తిరుగుతుంటే అది బ్యాటరీ లేదా ఇంజిన్ ఆయిల్ సమస్య, డీజిల్‌ది కాదు.

దీనికన్నా మంచి పద్ధతి రాత్రే చేసుకోవాలి. మీ ట్యాంకులోని డీజిల్ కొంచెం తేట సీసాలో పట్టి, బండి బయట చక్రం పక్కన పెట్టి పడుకోండి. పొద్దున్న టార్చి వేసి చూడండి. తేటగా ఉంటే సెల్ఫ్ కొట్టండి. సీసా అవతల మీ వేలు మసగ్గా కనిపిస్తున్నా, అడుగున తెల్లటి మడ్డి దిగి ఉన్నా ఎండ వచ్చేదాకా తాళం ముట్టుకోవద్దు.

ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు సెల్ఫ్ కొట్టడం ఆపండి. ప్రతిసారీ బ్యాటరీ తగ్గుతుంది, డీజిల్ అందని పంపు పొడిగా తిరిగి అరుగుతుంది. బండిని తోయించో, లాగించో ఎండ పడే చోటికో, నాలుగు గోడల షెడ్డులోకో చేర్చగలిగితే సగం పని అయినట్టే. తొందర లేకపోతే అలా వదిలేయడమే అన్నిటికన్నా మంచిది.

తొందరుంటే ఫిల్టర్‌తో మొదలుపెట్టండి, అడ్డం అక్కడే ఉంటుంది. కొత్త ఫిల్టర్ ఉంటే మార్చేయండి. లేకపోతే దాబాలో వేడినీళ్లు అడిగి, గుడ్డలు ముంచి పిండి, ఫిల్టర్ చుట్టూ, ట్యాంకు నుంచి వచ్చే పైపు పొడవునా చుట్టండి. చల్లారగానే మార్చండి. సలసల కాగే నీళ్లు నేరుగా పోయొద్దు, ఫిల్టర్ కింది ప్లాస్టిక్ గిన్నె పగులుతుంది. కరెంటు కనెక్షన్ల మీద నీళ్లు పడనివ్వద్దు. ఫిల్టర్ అడుగు మర తిప్పి నీళ్లు కూడా తీసేయండి. చాలాసార్లు మైనం కన్నా ముందు ఆ కాసిని నీళ్లే మంచై అడ్డం పడతాయి. తర్వాత చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి, గాలి తీసేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.

స్టార్టయ్యాక వెంటనే గేరు వేయకండి. పావుగంట, ఇరవై నిమిషాలు అలాగే నడవనివ్వండి. ఇంజిన్ నుంచి తిరిగొచ్చే వెచ్చటి డీజిల్ ట్యాంకుని నెమ్మదిగా వేడెక్కిస్తుంది.

ట్యాంకు కింద గుడ్డలు కాల్చి వేడి చేస్తారు కదా?

చేస్తారు. దయచేసి మీరు చేయకండి. ఇప్పటి ట్యాంకులు చాలా వాటికి ప్లాస్టిక్, ఎయిర్ బ్రేకు గొట్టాలు నైలాన్, పక్కనే వైరింగ్. ట్యాంకు అంటుకోకపోయినా బ్రేకు గొట్టం మెత్తబడితే అది తెలిసేది ఘాట్ దిగేటప్పుడు. బ్లో ల్యాంపుకీ ఇదే మాట.

రాత్రంతా ఇంజిన్ ఆపకుండా ఉంచితే?

డీజిల్ పేరుకోదు. ఖర్చు సంగతి పక్కన పెడితే, అసలు ప్రమాదం పొగది. మంచులో సైలెన్సర్ మూసుకుంటే పొగ క్యాబిన్‌లోకి వస్తుంది. బొగ్గుల కుంపటి పెట్టుకుని అద్దాలు బిగించి పడుకోవడం ఇంకా ఘోరం. పొగలో, కుంపట్లో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత చలైనా ఒక అద్దం రెండు వేళ్లు దించి ఉంచండి, కుంపటి బయటే పెట్టండి. క్లీనరు కుర్రాడికి కూడా ఇది చెప్పండి, కుంపటి లోపలికి తెచ్చేది సాధారణంగా వాళ్లే.

ఒకసారి పేరుకున్న డీజిల్ పారబోయాలా?

అక్కర్లేదు. వెచ్చబడితే మైనం మళ్లీ కరిగి కలిసిపోతుంది. ఫిల్టర్ మాత్రం మార్చుకోండి.

ఫిషింగ్ హార్బర్ బోట్లకి ఈ బాధ ఉందా?

లేదు. మన సముద్రం అంత చల్లబడదు. బోట్లకి నీళ్లూ బూజే శత్రువులు, పైన జనరేటర్ గురించి చెప్పిందే వాటికీ వర్తిస్తుంది.

బయోడీజిల్ పోయించుకోవచ్చా?

మైదానంలో అయితే అది వేరే చర్చ. చలికి వెళ్తుంటే మాత్రం వద్దు. పామాయిల్ నుంచి తీసిన స్వచ్ఛమైన బయోడీజిల్ పదిహేను డిగ్రీల దగ్గరే మసకబారడం మొదలవుతుంది. రోడ్డు పక్కన డ్రమ్ముల్లో చవగ్గా అమ్మేది అసలు ముట్టుకోవద్దు.

యూరియా ద్రావణం కూడా గడ్డకడుతుందా?

ఇప్పటి డీజిల్ బండ్లలో పొగని శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ఈ ద్రావణం కూడా గడ్డకడుతుంది, మైనస్ 11 డిగ్రీల దగ్గర. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది నీళ్లు. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి ఆ ట్యాంకుని అంచుదాకా నింపొద్దు. ఇంజిన్ మామూలుగానే స్టార్టవుతుంది, బండిలోని హీటరే దాన్ని కరిగిస్తుంది. అందులో వేడినీళ్లు గానీ, ఇంకే మందు గానీ పోయకండి.

డీజిల్ కాకుండా ఇంకేం చూసుకోవాలి?

రేడియేటర్. ఇది డీజిల్ కన్నా పెద్ద ప్రమాదం. మన దగ్గర ఎండకి మరుగుతుందన్న భయమే గానీ గడ్డకడుతుందన్న ఆలోచన రాదు, అందుకే వట్టి నీళ్లతో నడిపే లారీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నీళ్లు మంచై ఉబ్బితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కూలెంట్ పోస్తే మైనస్ 35 దాకా భయం లేదు. విశాఖలోనే పాత నీళ్లు పూర్తిగా తీయించి పోయించుకోండి.

ఇంజిన్ ఆయిల్ 15డబ్ల్యూ-40 అయితే శ్రీనగర్ దాకా పర్వాలేదు. కార్గిల్ దగ్గరి ద్రాస్ వైపు చలికాలంలో వెళ్తే మీ కంపెనీ ఒప్పుకునే 5డబ్ల్యూ రకం (ఇంకా ఎక్కువ చలిలోనూ పలచగా పారేది) మంచిది. మూడేళ్లు దాటిన బ్యాటరీని బయల్దేరే ముందే లోడు టెస్టు చేయించండి. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది.

బండిలో ఏం పెట్టుకుని వెళ్లాలి?

మీ బండికి సరిపోయే డీజిల్ ఫిల్టర్లు రెండు, ఒరిజినల్‌వి. ఒకటి మార్చాక కూడా ట్యాంకులో మైనం ఉంటే రెండోదీ మూసుకుంటుంది, అందుకే రెండు. ఫిల్టర్ విప్పే రెంచి, పలచటి రబ్బరు గ్లౌజులు, టార్చి, నాలుగు పాత తువ్వాళ్లు, రెండు రకాల మందు సీసాలు, ఒక తేట ప్లాస్టిక్ సీసా. పైన మీ మోడల్ ఫిల్టర్ దొరక్కపోవచ్చు, దొరికినా ఆ రేటుకి ఇక్కడ మూడు వస్తాయి. ఆటోనగర్‌లో కొనేటప్పుడే పాత ఫిల్టర్ పక్కన పెట్టి మర, వాషరు, సెన్సారు రంధ్రం సరిపోయాయో లేదో చూసి తీసుకోండి.